ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్‌ను ఎంచుకోవడం నుంచి తాళాలు చేతికొచ్చేదాకా

మీ ఆఫర్ ఓకే అయిందని ఫోన్ చేసిన ఎస్టేట్ ఏజెంట్ అదే కాల్‌లో అడిగే మాట: "మీ సొలిసిటర్ వివరాలు పంపుతారా?" సొలిసిటర్ అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరు. మనవాళ్ళలో చాలామంది ఆ మాట విన్నాకే వెతుకులాట మొదలుపెడతారు. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా మంచి సొలిసిటర్ తెలిస్తే చెప్పండి" అని ఓ మెసేజ్ పడుతుంది. కాసేపట్లో అరడజను పేర్లు వస్తాయి. ఎవరి ఫీజు తక్కువో చూసి వాళ్ళకే పని అప్పజెప్పేస్తారు. నెలన్నర పోయాక అదే గ్రూపులో ఇంకో మెసేజ్: "మా సొలిసిటర్ మెయిల్స్‌కి జవాబే ఇవ్వడం లేదు, ఏం చేయాలి?"

తప్పు ప్రతిసారీ సొలిసిటర్‌దే అని చెప్పలేం. మన కుటుంబాల కేసులు ఎక్కువగా ఆగిపోయేది రెండు చోట్ల. డిపాజిట్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే దగ్గర ఒకటి, ఇండియాలో మన పేరున ఉన్న ఇంటి సంగతి తేల్చే దగ్గర ఇంకొకటి. ఈ రెండూ ముందే సర్దిపెట్టుకుని, వీటిని విని అర్థం చేసుకోగల సొలిసిటర్‌ను పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. అందుకే ఈ గైడ్‌లో సొలిసిటర్ ఎంపిక మూడో మెట్టుగా వస్తుంది, మొదటిదిగా కాదు.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి. వేల్స్‌లో పద్ధతి దాదాపు ఇదే, పన్ను మాత్రం వేరు. స్కాట్లండ్‌లో కొనేవాళ్ళకు చట్టమే వేరు కాబట్టి అక్కడి సొలిసిటర్‌నే అడగండి.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి

మన దగ్గర ఇల్లు కొనడమంటే టోకెన్ అడ్వాన్స్, అగ్రిమెంట్, ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, చివరికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో, వేలిముద్ర. ఇక్కడ ఆ ఆఫీసుకు వెళ్ళే పనే లేదు. అమ్మేవాళ్ళ తరఫున ఒక లాయరు, కొనేవాళ్ళ తరఫున ఒక లాయరు ఉంటారు. పని మొత్తం ఈమెయిల్స్‌లో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లలో నడుస్తుంది. అమ్మేవాళ్ళను మీరు ఒక్కసారి కూడా కలవకుండానే ఇల్లు మీదైపోవచ్చు.

టోకెన్ కూడా ఉండదు. మీ ఆఫర్ ఒప్పుకున్నారంటే మాట ఇచ్చారని అర్థం, అంతే. సంతకాలైన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే "ఎక్స్చేంజ్" అనే దశ దాటేవరకు ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, మీకంటే ఎక్కువ ఇస్తానన్నవాళ్ళకు అమ్మేయొచ్చు కూడా. అలా జరిగితే మీరు ఇంటి సర్వేకు, కౌన్సిల్ లాంటి చోట్ల రికార్డులు వెతికించే సెర్చ్‌లకు పెట్టిన డబ్బు పోయినట్టే. కడుపు మండే విషయమే, కానీ చట్టం అలాగే ఉంది. అందుకే ఆఫర్ దగ్గర్నుంచి ఎక్స్చేంజ్ దాకా ఎంత త్వరగా చేరితే అంత మంచిది.

మొదటి మెట్టు: డబ్బు ఎక్కడిదో కాగితాల మీద చూపించండి

2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం సొలిసిటర్ మీ డబ్బు మూలం చూసి తీరాలి. వాళ్ళకు కావలసినవి రెండు. ఈ డబ్బు ఏ అకౌంట్ నుంచి వస్తోంది, ఆ అకౌంట్‌లోకి ఎలా చేరింది. మామూలుగా ఆరు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతారు. జీతంలో మిగిల్చినదైతే తేలిక, స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు ఇస్తే సరిపోతుంది.

స్టేట్‌మెంట్‌ను వాళ్ళు చదివే తీరు ఒకసారి ఊహించుకోండి. ప్రతి నెలా 28న జీతం, బాగానే ఉంది. మధ్యలో ఎక్కడో ఒక స్నేహితుడి పేరుతో 3,000 పౌండ్లు జమ. వెంటనే ప్రశ్న వస్తుంది: ఎవరితను, ఎందుకిచ్చాడు, తిరిగివ్వాలా? మీరు "పాత బాకీ తీర్చాడు" అంటారు. అయితే మీరు అతనికి ఇచ్చినప్పటి స్టేట్‌మెంట్ పంపండి అంటారు. ఒక్క లైన్‌కే రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఇల్లు కొనాలన్న ఆలోచన వచ్చినప్పటి నుంచే డిపాజిట్ అకౌంట్‌ను శుభ్రంగా ఉంచండి. గ్రూప్ ట్రిప్పుల లెక్కలు, స్నేహితుల చేబదుళ్ళు వేరే అకౌంట్‌లో నడపండి.

అమ్మానాన్నలు ఇచ్చే డబ్బుకు కావలసినవి ఇవి: ఇది బహుమతి, తిరిగి ఇవ్వనక్కర్లేదు, ఇంట్లో మాకు వాటా వద్దు అని వాళ్ళు సంతకం చేసిన ఉత్తరం, వాళ్ళ గుర్తింపు, చిరునామా కాగితాలు, డబ్బు బయల్దేరిన అకౌంట్ స్టేట్‌మెంట్, ఆ డబ్బు వాళ్ళకు ఎలా వచ్చిందో చూపే రుజువు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు అయితే ఆ కాగితం, ఎఫ్‌డీ అయితే మూసేసిన రసీదు, పొలం అమ్మితే సేల్ డీడ్. డీడ్ తెలుగులో ఉంటుంది కాబట్టి అనువాదకుడు ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం అడుగుతారు. ఊళ్ళో ఉన్న నాన్నగారికి ఇదంతా ఫోన్‌లో వివరించడం ఓ పెద్ద పని. "మా అబ్బాయికి నేను డబ్బిస్తే వాడెవడు అడగడానికి?" అనే మాట రాని ఇల్లు ఉండదు. ముందే చెప్పి ఉంచితే వాళ్ళూ నొచ్చుకోరు.

డబ్బు పంపడానికి ఇండియా వైపు నిబంధనలు కూడా ఉన్నాయి. అక్కడ నివసించే వ్యక్తి విదేశాలకు డబ్బు పంపే ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. ఇలాంటి బహుమతి మొత్తాలు ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మేరకు బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ ఆ 20 శాతం అప్పటికి చేతిలో ఉండాలి కదా, ఆ లెక్క మర్చిపోకండి. మీ పేరునే ఉన్న ఆస్తి అమ్మి, ఎన్‌ఆర్‌ఓ అకౌంట్ (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఐలు అక్కడ ఉంచే అకౌంట్) నుంచి తెచ్చుకుంటే దారి వేరు. ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి, మధ్యలో చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. దానికి వారాలు పట్టొచ్చు.

చిట్టీ డబ్బు సంగతి విడిగా చెప్పాలి. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ అయితే పాస్‌బుక్, పాట డబ్బు చెక్కు జమైన స్టేట్‌మెంట్ చూపించి ఒప్పించొచ్చు, కాస్త ఓపిగ్గా వివరించాలి. ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర వేసిన చిట్టీకి కాగితమే ఉండదు. ఆ డబ్బును డిపాజిట్‌లో లెక్కేసుకోకండి.

ఇక రెండు పనులు అస్సలు చేయొద్దు. స్నేహితుల దగ్గర అప్పు తీసుకుని బహుమతి అని ఉత్తరం రాయించడం మొదటిది. అది మార్ట్‌గేజ్ బ్యాంకును మోసం చేయడం కిందికి వస్తుంది. ఇండియాలో ఎవరికో రూపాయలు ఇచ్చి ఇక్కడ ఇంకెవరి అకౌంట్ నుంచో పౌండ్లు వేయించుకోవడం రెండోది. మనకు అది మామూలు సర్దుబాటులా కనిపిస్తుంది. సొలిసిటర్‌కు మాత్రం అచ్చం ఇలాంటిదాన్నే అనుమానించమని శిక్షణ ఇచ్చారు.

రెండో మెట్టు: ఇండియాలో ఇల్లుంటే ఇప్పుడే చెప్పండి

"ఇక్కడ మాకిదే మొదటి ఇల్లు, కాబట్టి స్టాంప్ డ్యూటీలో ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీ వస్తుంది" అని చాలామంది లెక్కేసుకుంటారు. ఆ రాయితీకి షరతు ఏమిటంటే, ప్రపంచంలో ఎక్కడా మీకు ఎప్పుడూ ఇల్లు ఉండి ఉండకూడదు. కొన్నదైనా, వారసత్వంగా వచ్చినదైనా, ఎప్పుడో అమ్మేసినదైనా సరే. భార్యాభర్తలిద్దరి పేరున కొంటుంటే ఇద్దరికీ ఈ షరతు వర్తిస్తుంది.

దానిమీద ఇంకో దెబ్బ ఉంది. ఇల్లు కొనే రోజుకు మీకు ఇంకో ఇల్లు ఉంటే, అది ఏ దేశంలో ఉన్నా, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువైతే, మొత్తం ధర మీద అదనంగా 5 శాతం స్టాంప్ డ్యూటీ పడుతుంది. 2024 అక్టోబర్ 31 నుంచి ఈ రేటు 5 శాతం, అంతకుముందు 3. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ విషయంలో ఒకటిగానే చూస్తారు. కొత్త ఇల్లు మీ ఒక్కరి పేరునే పెట్టినా మీ ఆవిడ పేరున కూకట్‌పల్లిలో ఉన్న ఫ్లాట్ లెక్కలోకి వస్తుంది.

అంకెల్లో చూద్దాం. 3,50,000 పౌండ్ల ఇల్లు అనుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఫస్ట్ టైమ్ బయ్యర్ కట్టేది 2,500 పౌండ్లు. ఎప్పుడో ఇల్లు ఉండి అమ్మేసినవాళ్ళు కట్టేది 7,500. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఇంకా ఉంచుకున్నవాళ్ళు కట్టేది 25,000. అదే ఇల్లు, అదే ధర. ఈ విషయం ఎక్స్చేంజ్‌కు వారం ముందు బయటపడితే ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారు?

ఖాళీ ప్లాటు, పొలం ఇళ్ళ కిందికి రావు కాబట్టి వాటి గురించి కంగారు వద్దు. కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంట్, నాన్నగారు పోయాక అన్నదమ్ములందరి పేర్లూ ఎక్కిన ఊరి ఇల్లు లాంటివి మాత్రం సొంతంగా తేల్చుకోకుండా సొలిసిటర్‌కు రాసి పంపండి. వారసత్వ వాటాలకు, మీరు నివసించిన పాత ఇంటిని తర్వాత అమ్మేసినప్పటి రీఫండ్‌కు కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి, కానీ తేదీలు, వాటాల శాతాలు చూడాలి. కొనడానికి ముందు 12 నెలల్లో యూకేలో 183 రోజులు కూడా లేని వాళ్ళకు ఇంకో 2 శాతం అదనం. ఈమధ్యే వీసా మీద వచ్చినవాళ్ళు ఇది చూసుకోవాలి.

"ఇండియాలో ఇల్లుందని వీళ్ళకెలా తెలుస్తుంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. స్టాంప్ డ్యూటీ రిటర్న్‌లో ఉన్నది నిజమని ప్రకటించేది మీరే. తర్వాత తేలితే పన్ను, వడ్డీ, జరిమానా మీ మీదే పడతాయి. సొలిసిటర్ ఫైల్లో మీరిచ్చిన జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.

మూడో మెట్టు: సొలిసిటర్‌ను ఎంచుకోవడం

ఈ పని సొలిసిటర్లూ చేస్తారు, ఆస్తి బదిలీ పనులకే లైసెన్స్ ఉన్న లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లూ చేస్తారు. మొదటివాళ్ళ మీద సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, రెండోవాళ్ళ మీద కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ అజమాయిషీ ఉంటుంది. మామూలు ఇంటికి ఎవరైనా ఒకటే. పేరు ఆ సంస్థల రిజిస్టర్‌లో ఉందో లేదో మీరే వెబ్‌సైట్‌లో చూసుకోండి, రెండు నిమిషాల పని. లా సొసైటీ వాళ్ళ కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు కూడా ఉంటే ఇంకా నయం.

తర్వాత అడగాల్సింది, మీ మార్ట్‌గేజ్ బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, ఆ సంస్థ ఉందా అని. మామూలుగా మీకూ బ్యాంకుకూ ఒకే సొలిసిటర్ పనిచేస్తారు. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన లాయర్‌ను విడిగా పెట్టుకుని ఆ ఖర్చు మీ చేతే పెట్టిస్తుంది, టైమూ పెరుగుతుంది. ఇది చూసుకోకుండా సంతకం చేయొద్దు.

ఎస్టేట్ ఏజెంట్, బిల్డర్, మార్ట్‌గేజ్ బ్రోకర్ ముగ్గురూ ఎవరో ఒకరి పేరు చెబుతారు. చాలాసార్లు వాళ్ళకు రెఫరల్ ఫీజు ముడుతుంది. అది మీకు చెప్పడం వాళ్ళ బాధ్యత, చెప్పకపోతే అడగండి. అలా చెప్పినవాళ్ళంతా చెడ్డవాళ్ళని కాదు. కొత్త సైట్లలో బిల్డర్ సిఫార్సు చేసిన సంస్థకు ఆ ఎస్టేట్ కాగితాలు అప్పటికే తెలిసి ఉంటాయి, పని చకచకా సాగొచ్చు. కానీ వాళ్ళ పని రావాల్సింది ఆ బిల్డర్ దగ్గర్నుంచే అయినప్పుడు, మీ కోసం బిల్డర్‌తో ఎంత గట్టిగా పోట్లాడతారో ఆలోచించుకోండి. వాళ్ళనే పెట్టుకోవాలన్న నియమం ఏమీ లేదు. నన్నడిగితే బయటివాళ్ళనే పెట్టుకోమంటాను.

కనీసం ముగ్గురికి ఫోన్ చేయండి. మెయిల్ కాదు, ఫోనే. ఫోన్ ఎత్తడానికి ఎంతసేపు పట్టిందన్నది కూడా ఒక సమాచారమే. ఇవి అడగండి:

1. నా ఫైల్ చూసేది ఎవరు? ఆ మనిషితో నేరుగా మాట్లాడొచ్చా, కాల్ సెంటర్ ద్వారానే పోవాలా?
2. వాళ్ళు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు?
3. ఇండియా నుంచి తల్లిదండ్రులు పంపే గిఫ్ట్ డబ్బును మీరు తీసుకుంటారా? ఏ కాగితాలు కావాలి, దానికి అదనపు ఫీజు ఎంత?
4. నాది లీజ్‌హోల్డ్ (స్థలం వేరేవాళ్ళది, మనకు ఇన్నేళ్ళని లీజు) ఫ్లాట్ లేదా కొత్త ఇల్లు, అలాంటివి మామూలుగా చేస్తుంటారా?
5. కొనుగోలు మధ్యలో ఆగిపోతే నేను ఎంత కట్టాలి?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని సంస్థలు విదేశాల నుంచి వచ్చే గిఫ్ట్ డబ్బును ముట్టుకోవు. ఆ సంగతి ఎనిమిదో వారంలో చెబుతాయి. "ఆ, చేస్తాం, ఈ లిస్టు పంపండి" అని తడుముకోకుండా చెప్పినవాళ్ళు ఇంతకుముందు చేసినవాళ్ళు. తెలుగు మాట్లాడే సొలిసిటర్ దొరికితే అమ్మానాన్నలతో వాళ్ళే మాట్లాడతారన్న సౌకర్యం ఉంది, కానీ మనవాళ్ళన్న ఒక్క కారణంతో మిగతా ప్రశ్నలు మానేయకండి.

ఇక ఫీజు. 2018 డిసెంబర్ నుంచి సొలిసిటర్ సంస్థలు ఈ పనికి తమ ధరలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. కానీ పైన కనిపించే అంకెతో మోసపోవద్దు. ఉదాహరణకు కోట్ మొదటి లైన్‌లో "లీగల్ ఫీ 795 పౌండ్లు" అని ఉంటుంది. కిందకు రండి: బ్యాంకు తరఫున పనిచేసినందుకు ఇంత, లీజ్‌హోల్డ్ అయితే ఇంత, కొత్త ఇల్లయితే ఇంత, గిఫ్ట్ ఇచ్చే ఒక్కో మనిషికీ ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారమ్ నింపినందుకు ఇంత, డబ్బు పంపినందుకు ఇంత, వీటన్నిటి మీద 20 శాతం వ్యాట్. సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు అదనం. 795 అన్నవాళ్ళ బిల్లు, 1,300 అని మొదటే చెప్పినవాళ్ళ బిల్లును దాటిపోవడం వింతేమీ కాదు. అన్నీ కలిపి చివరి మొత్తం రాసివ్వమని అడిగి, అప్పుడు పోల్చండి. "నో కంప్లీషన్, నో ఫీ" (కొనుగోలు పూర్తికాకపోతే ఫీజు లేదు) అన్నా సెర్చ్‌ల లాంటి బయటి ఖర్చులు మాత్రం మీరే భరించాలి.

నాలుగో మెట్టు: ఫైల్ తెరిచాక ఏం జరుగుతుంది

అమ్మేవాళ్ళ లాయర్ కాంట్రాక్ట్ డ్రాఫ్ట్, టైటిల్ కాగితాలు, టీఏ6 అనే సమాచార పత్రం, ఏ వస్తువులు ఇంట్లోనే వదిలేస్తారో చెప్పే టీఏ10 పంపుతారు. మీ సొలిసిటర్ సెర్చ్‌లు వేస్తారు. లోకల్ కౌన్సిల్, నీరు, డ్రైనేజీ, పర్యావరణం, పాత బొగ్గు గనుల ప్రాంతమైతే గనుల సెర్చ్ కూడా. కొన్ని కౌన్సిళ్ళు రోజుల్లో జవాబిస్తాయి, కొన్ని వారాలు తీసుకుంటాయి. అందుకే సెర్చ్ డబ్బు అడిగిన రోజే కట్టేయండి.

ఆ తర్వాత ప్రశ్నలు, జవాబులు. అసలు సమయం తినేది ఇదే. మొత్తం మీద మూడు, నాలుగు నెలలు పడుతుందని అనుకుని మీ అద్దె ఇంటి నోటీసు ప్లాన్ చేసుకోండి. ఎక్స్చేంజ్ కాకముందే నోటీసు ఇవ్వడం మాత్రం వద్దు.

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సొలిసిటర్ మీ ఇంటిని చూడరు. వాళ్ళ ముందున్నవి కాగితాలు మాత్రమే. వెనకాల వంటగదిని పెంచి కట్టారని, అటకను బెడ్‌రూమ్ చేశారని, పక్కింటివాళ్ళ కారు మీ డ్రైవ్‌వే మీదుగా పోతుందని వాళ్ళకు చెప్పాల్సింది మీరే. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఫొటోలు తీయండి. సొలిసిటర్ పంపిన, హద్దులు చూపే టైటిల్ ప్లాన్‌లో ఎర్ర గీత లోపల ఉన్నదీ, మీరు కళ్ళతో చూసిన తోటా ఒకటేనా అని పోల్చండి. ఆ ప్లాన్‌లో ఉత్తరం పైవైపే ఉంటుంది కాబట్టి వాస్తు చూసుకునేవాళ్ళు దిక్కుల కోసం విడిగా వెతకనక్కర్లేదు.

ఆ అటక బెడ్‌రూమ్‌కు బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ (నిబంధనల ప్రకారమే కట్టారన్న కాగితం) లేదనుకోండి. "ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి తీసుకుంటాం, సరిపోతుంది" అని అమ్మేవాళ్ళ లాయర్ అంటారు. ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికి మాత్రమే. దూలం గట్టిదా కాదా అన్నది అది చెప్పదు. దానికి సర్వేయర్ కావాలి.

సర్వే అంటే బ్యాంకు చేయించే వాల్యుయేషన్ కాదు. అది బ్యాంకు తన అప్పు భద్రత కోసం చూసుకునేది. మీ కోసం మీరు విడిగా ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) గుర్తింపు ఉన్న సర్వేయర్‌ను పెట్టుకోవాలి. ఈమధ్య కట్టిన మామూలు ఇంటికి లెవెల్ 2, పాతదానికి, మార్పులు బాగా చేసినదానికి ఇంకా లోతుగా చూసే లెవెల్ 3. కొత్త ఇల్లయితే లోపాల జాబితా రాసే స్నాగింగ్ తనిఖీ. ఈ ఖర్చు మిగుల్చుకోవాలని చూడకండి. రిపోర్టును సొలిసిటర్‌కు కూడా పంపండి, అందులో వాళ్ళు చూడాల్సిన పాయింట్లు ఉంటాయి.

తరచూ వచ్చే సందేహాలు

ఫ్లాట్ కొంటే ఏం చూడాలి? ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డే. లీజు ఇంకా ఎన్నేళ్ళుంది, సర్వీస్ చార్జ్ ఎంత, గత మూడేళ్ళలో ఎంత పెరిగింది, పెద్ద రిపేర్లు ఏమైనా రాబోతున్నాయా. లీజు 80 ఏళ్ళ దగ్గరికి వచ్చిందంటే జాగ్రత్త, పొడిగింపు ఖర్చు పెరుగుతుంది, బ్యాంకులూ వెనకాడతాయి. 2022 జూన్ 30 తర్వాత రాసిన కొత్త లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి కట్టే అద్దె) లేదు, పాతవాటికి ఉంది. ఎత్తైన భవనమైతే బయటి గోడల అగ్ని భద్రత కాగితాలు అడగండి. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత బ్యాంకులు దీన్ని గట్టిగా చూస్తున్నాయి.

ఇల్లు ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా మీదే) అయితే ఏ చార్జీలూ ఉండవా? రెడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి చోట్ల కొత్త ఎస్టేట్లలో ఫ్రీహోల్డ్ ఇళ్ళకు కూడా పార్కు, రోడ్ల నిర్వహణకు ఏటా ఎస్టేట్ చార్జ్ వేస్తుంటారు. సేల్స్ ఆఫీసులో దీన్ని మెల్లగా గొణుగుతారు. ఎంత, పెంచడానికి హద్దు ఉందా అని సొలిసిటర్ చేత రాతపూర్వకంగా అడిగించండి.

ఇద్దరి పేరున ఎలా రాయించాలి? జాయింట్ టెనెంట్స్ అయితే ఒకరు పోతే ఇల్లంతా రెండోవాళ్ళకు వెళ్తుంది. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వాళ్ళది, వీలునామా ప్రకారం పోతుంది. అన్నదమ్ములు కలిసి కొన్నా, డిపాజిట్ ఒకరి పుట్టింటి నుంచే వచ్చినా రెండోది అడిగి, డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఎవరి వాటా ఎంతో చెప్పే పత్రం) రాయించుకోవడం మేలు. ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టమే, కానీ సొలిసిటర్ ఎలాగూ అడుగుతారు, వాళ్ళు అడిగినప్పుడే మాట్లాడేసుకోండి.

సొలిసిటర్ పలకకపోతే? వారానికి ఒక రోజు పెట్టుకుని, ఒకే మెయిల్‌లో నంబర్లేసి ప్రశ్నలు పంపండి. రోజూ ఫోన్ చేస్తే పని జరగదు, ఫైల్ కింద పడుతుంది. ఎస్టేట్ ఏజెంట్‌ను కూడా కదిలించండి, కంప్లీషన్ అయితేనే వాళ్ళకు కమిషన్ కాబట్టి వాళ్ళూ తోస్తారు. అప్పటికీ కదలకపోతే సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు, ఎనిమిది వారాల్లో తేలకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్.

ఐదో మెట్టు: ఎక్స్చేంజ్, కంప్లీషన్

అంతా తేలాక సొలిసిటర్ మీకో రిపోర్ట్ పంపుతారు. చాలామంది చదవకుండా సంతకం చేసే కాగితం అదే. ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి చదవండి, అర్థంకానిది అడగండి. దానికే డబ్బు కడుతున్నారు.

ఎక్స్చేంజ్ రోజు మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్‌గా కడతారు, కంప్లీషన్ తేదీ ఖాయమవుతుంది. అక్కడి నుంచి వెనక్కి తగ్గితే ఆ డిపాజిట్ పోతుంది. పాత ఇంటికి బిల్డింగ్ ఇన్సూరెన్స్ కూడా ఎక్స్చేంజ్ రోజు నుంచే మీరు పెట్టుకోవాలి, తాళాలు వచ్చాక కాదు.

డబ్బు పంపే దగ్గర ఒక హెచ్చరిక. సొలిసిటర్ల మెయిళ్ళలోకి దొంగలు చొరబడి "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇందులోకి పంపండి" అని అచ్చం అదే సంతకంతో మెయిల్ పంపుతారు. బ్యాంకు వివరాలు మొదటి రోజే ఫోన్‌లో ధ్రువీకరించుకోండి. మధ్యలో మారాయని మెయిల్ వస్తే మోసమనే అనుకోండి. ఆ మెయిల్‌లోని నంబర్‌కు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. పెద్ద మొత్తం పంపే ముందు చిన్న మొత్తం పంపి, అందిందని ఫోన్‌లో విన్నాకే మిగతాది పంపండి.

ముహూర్తం సంగతి. కంప్లీషన్ బ్యాంకులు పనిచేసే రోజుల్లోనే జరుగుతుంది, శని, ఆదివారాలు కుదరదు. తేదీ మీ ఒక్కరి చేతిలో లేదు, అమ్మేవాళ్ళు, వాళ్ళు కొనే ఇల్లు, ఆ పైవాళ్ళు అందరూ ఒప్పుకోవాలి. కాబట్టి పంతులుగారు పెట్టిన ముహూర్తానికి కంప్లీషన్ జరపమని సొలిసిటర్‌ను ఒత్తిడి చేయడం వల్ల లాభం లేదు. ముందు తాళాలు తీసుకోండి, గృహప్రవేశం రెండు మూడు వారాల తర్వాతి శనివారానికో ఆదివారానికో పెట్టించుకోండి. పాలు పొంగించేటప్పుడు, హోమం చేసేటప్పుడు స్మోక్ అలారం మోగుతుంది, కిటికీలు తెరిచి ఉంచండి.

ఆ రోజు మీ సొలిసిటర్ డబ్బు పంపుతారు, అది అందిందని అవతలి లాయర్ చెప్పగానే ఏజెంట్ తాళాలిస్తారు. మధ్యాహ్నం దాకా పట్టొచ్చు. శుక్రవారం అందరూ ఎంచుకునే రోజు, అందుకే రద్దీ. వీలైతే మంగళ, బుధవారాలు అడగండి. ఏదైనా తేడా వచ్చినా మర్నాడు ఆఫీసులు తెరిచే ఉంటాయి.

తాళాలు వచ్చాక

స్టాంప్ డ్యూటీ రిటర్న్, పన్ను 14 రోజుల్లోపు చేరాలి. సొలిసిటరే పంపుతారు, పంపిన రసీదు అడిగి దాచుకోండి. తర్వాత ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కుతుంది, కొన్నిసార్లు నెలలు పడుతుంది. కొత్త ఎస్టేట్ అయితే ఇంకా ఎక్కువ. ఆలస్యమైందని భయపడక్కర్లేదు. మన దగ్గరిలా స్టాంపు పేపర్ల మీద ఒరిజినల్ దస్తావేజు చేతికి రాదు. రిజిస్టర్‌లో ఉన్న ఎంట్రీయే మీ హక్కు. అది వచ్చాక పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం మనకు మామూలే.

కొన్నాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చి ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉంటే ఇంకో పని ఉంది. యజమాని దగ్గర లేని ఇళ్ళ మీదే టైటిల్ మోసగాళ్ళ కన్ను ఉంటుంది. ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ళ ప్రాపర్టీ అలర్ట్ ఉచితం, నమోదు చేసుకుంటే మీ టైటిల్ మీద ఎవరైనా దరఖాస్తు పెట్టినప్పుడు మెయిల్ వస్తుంది. రిజిస్టర్‌లో మీకు నోటీసులు పంపాల్సిన చిరునామాలు మూడు దాకా ఇవ్వొచ్చు. ఒకటి ఈమెయిల్ పెట్టండి, ఒకటి ఇండియాలో అమ్మానాన్నల ఇంటిది పెట్టండి. కొన్న ఇంటి చిరునామా ఒక్కటే ఇస్తే ఆ ఉత్తరం అద్దెకున్నవాళ్ళ చేతికి వెళ్తుంది.